నాలుగో చోటు

పొద్దున లేవగానే జములమ్మ ఇదివరకు వంటింట్లోకి పోయేది. పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపల వాకిలి చల్లి వచ్చేది. ఇప్పుడు ముందుగదిలోకి పోతోంది. అక్కడ గోడ దగ్గర చార్జింగ్‌కు పెట్టిన తెల్లటి బిళ్ల ఒకటి ఉంటుంది. కుంకుమ బరిణె మూతంత ఉంటుంది, అరచేతిలో ఇమిడిపోతుంది. దాని అంచున ఉన్న చిన్న దీపం నిండుగా వెలుగుతోందా లేదా అని చూస్తుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, భర్త బల్ల మీద ఫోను పక్కన పెడుతుంది. ఆ తర్వాతే పొయ్యి, పాలు, వాకిలి. పాలు ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనరు. బిళ్ల మాత్రం ఆకలితో ఉండకూడదు. పాన్‌గల్‌లో డాక్టర్ చంద్రశేఖర్ దవాఖాన ఇప్పుడు దాని మీదే నడుస్తోంది.

మారింది అదొక్కటే కాదు. ఆ ఇంట్లో ఇన్నేళ్లూ కుక్కర్ కూతలు లెక్కపెట్టింది చంద్రశేఖరే. ముందుగదిలో రోగి నాలుక చూస్తూ చూస్తూనే "ఏయ్, మూడైనయి, దించు!" అని కేకేసేవాడు. పాలు పోసే ఎల్లన్న బండి ఇంకా సందు మలుపులో ఉండగానే "ఎల్లన్న వస్తుండు, గిన్నె తీస్కపో" అనేవాడు. ఇప్పుడు ఎల్లన్న గేటు గొళ్లెం టకటకలాడించినా ఆయన పేపర్‌లోంచి తల ఎత్తడు. పప్పు అడుగంటిన వాసన వస్తే మాత్రం అటు చూస్తాడు. ముక్కు బాగానే ఉంది.

ఈ సంగతి ఊరికి తెలియదు. రోగి ఎదురుగా కూర్చుంటాడు, పెదవులు కనిపిస్తాయి. జ్వరం, విరేచనాలు, నడుం నొప్పి, ఇంత కాలంగా విన్న బాధలే కాబట్టి సగం మాట చాలు, మిగతా సగం ఆయనే పూరిస్తాడు. పైగా కాంపౌండర్ బుచ్చన్నది పుట్టుకతోనే పెద్ద గొంతు. రోగి చెప్పిందంతా మళ్లీ ఒకసారి దండోరా వేసినట్టు చెబుతాడు. అందుకని పట్టుబడలేదు. జములమ్మ ఒక్కతికే తెలుసు. తెలుసని ఆయనకు కూడా చెప్పలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే దగ్గరికి పోయి, చెవి పక్కన నిలబడి మెల్లగా చెబుతుంది. చూసేవాళ్లకు అది అణకువలాగా కనిపిస్తుంది.

జములమ్మ పుట్టింది గద్వాల దాటి మానవపాడు వైపు ఒక పల్లెలో. నాయన కూలికి పోయేవాడు. కరువు వచ్చిన ఏడు పిల్లలను చంకన వేసుకుని బొంబాయి బస్సు ఎక్కేవాడు. ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది. చిన్నప్పుడే ఆమెకని మాట అనుకున్న మేనమామ కొడుకు చంద్రశేఖర్ మాత్రం హాస్టళ్లలో చదివి, చదివి, డాక్టరయ్యాడు. ఇక వాడు డాక్టరమ్మనే చేసుకుంటాడు, మన పిల్లను ఎందుకు చేసుకుంటాడు అని ఊరంతా అనుకున్నారు. ఆయన ఊరికి వచ్చి, చింతపులుసు అన్నం తింటూ, "మాట అంటే మాటనే అత్తా" అన్నాడట. ఆ ఒక్క మాటకు జములమ్మ జీవితమంతా ఆయనకు రుణపడినట్టే బతికింది. బావ చెప్పింది కాదనలేదు. చెప్పనిది అడగలేదు.

పాన్‌గల్‌లో దవాఖాన పెట్టిన కొత్తలో ఆడవాళ్లు వచ్చేవాళ్లు కాదు. వచ్చినా స్టెతస్కోప్ తీయగానే కొంగు బిగించి లేచిపోయేవాళ్లు. ఒకసారి ఒకామె దగ్గుతో వస్తే ఆయన మామూలుగా రొమ్ము మీద పెట్టి విన్నాడు. సాయంత్రానికి ఆమె మరిది కట్టె పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. బుచ్చన్న కాళ్లావేళ్లా పడి పంపించాడు. ఆ మర్నాడే చంద్రశేఖర్ భార్యను పిలిచాడు. ముందుగదిలో ఒక మూలకు తెర కట్టించాడు. ఆడమనిషి వస్తే జములమ్మతో కలిసి తెర లోపలికి పోవాలి. స్టెతస్కోప్ గొట్టం పొడుగుది తెప్పించారు. చెవులకు పెట్టే కొసలు తెర బయట ఆయన చెవుల్లో, బిళ్ల తెర లోపల జములమ్మ చేతిలో. ఆమె ఆ బిళ్లను కొంగు కింద నుంచి పోనిచ్చి, రవికె అంచున, మెడ ఎముకకు కొంచెం కింద ఆనించి పట్టుకునేది. ఆయన గోడకు ఉన్న క్యాలెండర్ వైపు తిరిగి వినేవాడు. "జర ఎడమకు... ఆఁ, గంతే."

అంతకంటే కిందికి పెట్టమని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆమె ఎప్పుడూ పెట్టలేదు.

ఆ తర్వాత ఆడవాళ్లు బారులు తీరారు. చుట్టుపక్కల తండాల నుంచి, గూడేల నుంచి వచ్చారు. "పాన్‌గల్ సారు దేవుడు, కన్నెత్తి సూడడు" అనే పేరు వనపర్తి దాకా పాకింది. జములమ్మకు ఆ మాట వింటే కడుపు నిండేది. సారు చెవులు, డాక్టరమ్మ చెయ్యి అని జనం అనేవాళ్లు. చదువులేని తన చెయ్యి కూడా ఒక పనికి వచ్చింది కదా అనుకునేది.

కిందటేడు బతుకమ్మ రోజుల్లో ఆమె చెల్లెలు ఈరమ్మ వచ్చింది. ఆడుతూ ఆడుతూ పక్కకు వచ్చి గడప మీద కూలబడింది. చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఏమైందే?"

"ఏంగాలే అక్కా. ఊపిరి అందుతలేదు. ముసల్దాన్నైన గదా" అని నవ్వింది. అక్క కంటే ఆరేళ్లు చిన్నది.

తెర లోపలికి తీసుకుపోయింది. ఎప్పటిలాగే, ఎప్పటి చోటే పెట్టింది. బావ క్యాలెండర్ వైపు తిరిగి విన్నాడు. "ఏం లేదు, రక్తం తక్కువున్నది. బెల్లం, పల్లీలు తిను" అని గోళీలు ఇచ్చాడు. ఈరమ్మ బెల్లం తింది. పల్లీలు తింది. చలికాలం మధ్యలో పట్నంలో పెద్ద దవాఖానకు ఎత్తుకుపోవాల్సి వచ్చింది. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి, ఒక్క నిమిషం విని, "గుండె వాల్వు మూసుకపోయింది. ఇంత పెద్దగ వినబడుతున్నది, ఇన్నేండ్ల నుంచి ఎవ్వరు వినలేదా?" అంది. ఆ మాట అన్నప్పుడు చంద్రశేఖర్ పక్కనే ఉన్నాడు. ఆయనకు వినబడిందో లేదో జములమ్మకు ఇప్పటికీ తెలియదు.

ఈరమ్మ తిరిగి రాలేదు.

దాని గురించి మొగుడూ పెళ్లాం మాట్లాడుకోలేదు. పెద్దకర్మ అయింది, సంవత్సరీకం దగ్గర పడుతోంది, మాట్లాడుకోలేదు. కానీ అప్పటినుంచి జములమ్మ గమనించడం మొదలుపెట్టింది. టీవీ గొంతు ఎంత పెరిగిందో, కుక్కర్ కూత ఎవరు వింటున్నారో. ఒకరోజు ఆయన వెనక నిలబడి "బావా" అంది. రెండోసారి అంది. మూడోసారి అనడానికి ధైర్యం చాలలేదు. ఆయన పేపర్ తిప్పుకుంటూనే ఉన్నాడు. చెల్లెలి రొమ్ములో అంత మోత మోగుతుంటే ఈయన చెవికి చేరలేదన్నమాట. రేపు ఇంకెవరి చెల్లెలు వస్తుందో అని తెర పక్కకు జరిగిన ప్రతిసారీ అనుకునేది.

చార్జింగ్ పెట్టే ఆ తెల్ల బిళ్ల ఇంటికి వచ్చింది ఒక ఆదివారం. చంద్రశేఖర్‌తో హాస్టల్లో చదివిన డాక్టర్ సాంసన్ మానవపాడు నుంచి వచ్చాడు. నాగర్‌కర్నూల్ దగ్గర సర్కారు దవాఖానలో పనిచేసే డాక్టర్ కవిత వచ్చింది. కంపెనీ మనిషి ఒకడు బిళ్లను, ఫోనును బల్ల మీద పెట్టి చెబుతున్నాడు. ఈ బిళ్ల గుండె చప్పుడు, ఊపిరి చప్పుడు వింటుందట. లక్షల మంది చప్పుళ్లు విని నేర్చుకున్న ఏఐ అట. చప్పుడు బాగుంటే ఫోనులో పచ్చ రంగు, తేడా ఉంటే ఎరుపు.

జములమ్మ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది.

"చెల్లెమ్మా, ఉగ్గాని కోసమే ఇంత దూరం వచ్చిన. ఈ బిళ్ల కోసం గాదు" అన్నాడు సాంసన్. "అరె శేఖర్, మనకు టెతస్కోపు పట్టుడు నేర్పిన సారు ఇప్పుడు ఉండుంటే దీన్ని జూసి మనల్నందర్ని బెంచీ ఎక్కిస్తుండె."

కవిత నవ్వింది. "నాకైతే సాయం గావాలె సార్. పొద్దటి నుంచి లైను తెగదు. ఒక్కొక్కరి గుండె మీద చెవి పెట్టి కూసునే టైం యాడుంది? కానీ భయమైతది. అది చెప్పింది రైటా తప్పా అని సూడనీకె గూడ టైం గావాలె గదా."

"తప్పైతే?" అన్నాడు సాంసన్.

"సంతకం నాదే గదా సార్."

"సంతకమే గాదు బిడ్డా, వీపు గూడ నీదే. రేపు పేషెంటు సుట్టాలు లారీల దిగిండ్రనుకో, ఎవర్ని కొడ్తరు? దీనికి వీపు యాడుంది?" సాంసన్ బిళ్లను అటూ ఇటూ తిప్పి, వీపు కోసం వెతికినట్టు చేశాడు. అందరూ నవ్వారు. చంద్రశేఖర్ కూడా నవ్వాడు, కానీ అందరి తర్వాత, అందరి మొఖాలూ చూసి.

కంపెనీ మనిషి మర్యాదగా, "నిర్ణయం ఎప్పుడూ డాక్టరుదే సార్. ఇది సాయానికే" అన్నాడు.

"నేను తీస్కుంట" అన్నాడు చంద్రశేఖర్.

"ఏంది?"

"నేను తీస్కుంట అంటున్న. కాలంతోని పోకపోతే ఎట్లరా? మనం భయపడుకుంట కూసుంటే జనం మనల్ని ఇడిసిపెట్టి పోతరు."

"ముసలోనికి మోజు పుట్టింది సూడమ్మా!" అని సాంసన్ బజ్జీ కొరికాడు. కవిత మాత్రం నిజంగానే మెచ్చుకుంది. ఈ వయసులో నేర్చుకోవాలనే మనసు అందరికీ ఉండదు సార్, మిమ్మల్ని చూసి మేము నేర్చుకోవాలి అంది. గుమ్మం దగ్గర ఖాళీ పళ్లెంతో నిలబడ్డ జములమ్మ ఆయన మొఖమే చూస్తోంది. కరెంటు పోయినప్పుడు మనిషి చెయ్యి గోడ కోసం తడుముకుంటుంది చూడండి, ఆయన చెయ్యి ఆ బిళ్ల మీదికి అలా పోయింది. దాన్ని ధైర్యం అనుకున్నారు వాళ్లు.

అయినా ఆమెకు కొంచెం ఊరట కలగకపోలేదు. పోనీలే, చెవులు పోతే పోయాయి, దానికైనా చెవులున్నాయి కదా.

చిక్కు మర్నాడే వచ్చింది. బిళ్ల ఒక్క చోట పెడితే ఒప్పుకోదు. నాలుగు చోట్ల పెట్టాలి. ఫోనులో ఒక మగవాడి బొమ్మ, వాడి రొమ్ము మీద నాలుగు చుక్కలు. మొదటివి రెండు పైన. మూడోది కొంచెం కింద. నాలుగోది ఎడమ రొమ్ము కింద, పక్కటెముకల మీద. మగవాళ్లకు ఆ పని బుచ్చన్న చకచకా చేసేస్తున్నాడు. ఆడవాళ్లకు చేయాల్సింది జములమ్మ.

మొదటి రోజు వచ్చినామె కొత్త కోడలు. రెండో చుక్క దాకా సర్దుకుంది. చెయ్యి కిందికి దిగేసరికి రెండు చేతులతో కొంగు గట్టిగా పట్టుకుని, తెర అవతల ఉన్న అత్త వైపు భయంగా చూసింది. కళ్లలో నీళ్లు. జములమ్మ ప్రాణం ఉసూరుమంది. పాత చోటే మళ్లీ పెట్టింది. మూడోసారీ అక్కడే, నాలుగోసారీ అక్కడే. తెర బయట ఫోను చిన్నగా మోగింది.

"పచ్చ" అన్నాడు చంద్రశేఖర్, పరీక్ష పాసైన పిల్లవాడిలా.

జములమ్మ బిళ్లను చూసుకుంది. అదేమీ అనలేదు. లక్షల గుండెలు విన్నదట, అంత తెలివిగలది, చోటు తప్పితే చెప్పదా అనుకుంది. చెప్పలేదంటే నాలుగు సార్లు పెడితే దానికి చాలన్నమాట. బావ కూడా అడగలేదు. ఆ తర్వాత అదే అలవాటైంది. తెర లోపలికి వచ్చిన ప్రతి ఆడదానికీ మెడ కింద ఒక్కచోటే నాలుగుసార్లు. పచ్చ. పచ్చ. పచ్చ. ఆడవాళ్లు నవ్వుకుంటూ పోయేవాళ్లు. కంపెనీవాళ్లు ఫోను చేసి, మీ దగ్గర చాలా బాగా నడుస్తోంది సార్ అని చెప్పారు. వనపర్తిలో మూడు జిల్లాల డాక్టర్ల మీటింగు పెడుతున్నాం, మీరే వచ్చి చెప్పాలి అన్నారు. చంద్రశేఖర్ భుజాలు కాస్త వెడల్పయ్యాయి. ఈరమ్మ పోయిన తర్వాత ఆయన అలా నడవడం జములమ్మ మొదటిసారి చూసింది. ఆ నడక చెడగొట్టాలని ఎవరికుంటుంది?

మీటింగుకు ముందు రోజు రాధమ్మ వచ్చింది.

రాధమ్మ కూలి మనిషి. పదేళ్లు బొంబాయిలో పెద్ద పెద్ద బిల్డింగుల మీద ఇసుక మోసి, ఒంట్లో బాగుండక మొగుడితో తిరిగి వచ్చింది. నోరు పెద్దది. బెంచీ మీద కూర్చుని బుచ్చన్నను ఆటపట్టిస్తోంది. "ఏంది బుచ్చన్నా, ఇంక సూదులు పొడుస్తనే ఉన్నవా? నీ పెండ్లాం పారిపోలే?" నాలుగు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

తెర లోపలికి వచ్చాక జములమ్మ ఎప్పటిలాగే పైన పెట్టింది. ఒకటి. రెండు.

"ఆడ ఏముంది డాక్టరమ్మా? నొప్పి ఈడుంది" అంది రాధమ్మ.

"ఉండు, మాట్లాడొద్దు."

"ఈడ పెట్టు మరి! సిగ్గేంది తల్లీ? పన్నెండో అంతస్తు మీద నలుగురు మేస్త్రీల నడుమ ఇసుక మోసినదాన్ని." అంటూనే జములమ్మ మణికట్టు పట్టుకుని, బిళ్లతో సహా ఎడమ రొమ్ము కిందికి లాగి అదిమింది.

జములమ్మ అరచెయ్యి సగం బిళ్ల మీద, సగం రాధమ్మ ఒంటి మీద పడింది. చేతి కింద ఏదో గురగురలాడింది. చిన్నప్పుడు పిల్లలు తుమ్మెదను పట్టి అగ్గిపెట్టెలో పెట్టి, ఇంకొకరి చేతిలో పెట్టేవాళ్లు. పెట్టె లోపల అది కొట్టుకుంటుంటే అరచెయ్యంతా జలజలమనేది. ఇదీ అలాగే. గుండె ఒకసారి కొట్టుకోవడం, తర్వాత ఈ గురగుర. మళ్లీ కొట్టుకోవడం, మళ్లీ గురగుర. మూడోసారీ నాలుగోసారీ బిళ్ల అక్కడే ఉండిపోయింది. జములమ్మ చెయ్యి తీసేయాలనుకుంది. రాలేదు.

తెర బయట ఫోను వేరే రకంగా మోగింది. ఎప్పుడూ మోగని మోత.

"ఎరుపొచ్చిందేంది?" చంద్రశేఖర్ గొంతులో చిరాకు. "మిషను తప్పు జేస్తుంది. మళ్ల పెట్టు."

ఆమె పైన పెట్టింది. నాలుగుసార్లు. పచ్చ వచ్చింది. కింద పెట్టింది. ఎరుపు. మళ్లీ పైన, పచ్చ. మళ్లీ కింద, ఎరుపు. అప్పుడు తెర కదిలింది. ఇన్నేళ్లలో మొదటిసారి చంద్రశేఖర్ లోపలికి వచ్చాడు.

"రాధమ్మా, చెయ్యి పెట్టి సూడాలె. ఏమనుకోకు."

"సూడు సారూ. సూపెట్టుకోనీకేగా వచ్చిన."

ఆయన అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. చెవికి రానిది చేతికి వచ్చింది. అది జములమ్మకు ఆయన మొఖంలోనే కనబడింది. మెల్లగా, పాల మీద మీగడ ముడుచుకున్నట్టు, ఆ మొఖం ముడుచుకుపోయింది. చాలాసేపటికి చెయ్యి తీశాడు.

"వాల్వు బిగుసుకున్నట్టుంది. మహబూబ్‌నగర్ పో, స్కానింగ్ దీస్తరు. రాసిస్త. రేపే పోవాలె."

రాధమ్మ మొఖం మొదటిసారి చిన్నబోయింది. "సస్తనా సారూ?"

"టైముకొచ్చినవ్. బాగైతది."

టైముకొచ్చినవ్. ఆ మాట దగ్గర జములమ్మ తెర గుడ్డ పట్టుకుంది.

రాధమ్మ పోయాక, బుచ్చన్నను టీకి పంపించి, ఆయన తలుపు దగ్గరికి వేశాడు.

"పైన పచ్చ వచ్చినప్పుడు యాడ పెట్టినవ్?"

చూపించింది.

"నాలుగు సార్లు ఆడనేనా?"

తల ఊపింది.

"అందరికా?"

"అందరికి" అంది. అని, ఆయన చెవి దగ్గరికి వచ్చి ఇంకోసారి అంది. "అందరికి బావా. మొదటి దినం నుంచి. ఈరమ్మకు గూడ ఆన్నే పెట్టిన. ఇన్నేండ్లు ఆన్నే పెట్టిన."

అప్పటిదాకా ఆమెకు ఒకటే భయం ఉండేది, ఆయన చెవులు. ఇప్పుడు తన చెయ్యి కూడా భయపెడుతోంది. చెల్లెలి రొమ్ములో మోత మోగుతుంటే ఈ చెయ్యి దానికి జానెడు దూరంలో కూర్చుంది. ఆ జానెడు కిందికి దిగి ఉంటే ఈ అరచేతిలోనే తుమ్మెద కొట్టుకునేది. సరే, ఈరమ్మ పోయింది. మిగతావాళ్లు? కొత్త కోడలు. తండా నుంచి వచ్చిన బాలింత. మెట్లెక్కితే ఆయాసం అన్న అంగన్‌వాడీ ఆయా. పచ్చ, పచ్చ అని చెప్పించుకుని నవ్వుతూ పోయినవాళ్లందరూ ఒక్కొక్కరే కళ్ల ముందు నడిచారు. వాళ్లలో ఎవరి లోపల ఏముందో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్ద చిక్కేమిటంటే, వాళ్లకూ తెలియదు. బాగున్నామనుకుంటున్నారు.

"పిలుద్దాం బావా" అంది. "బుచ్చన్నకు అందరిండ్లు తెల్సు. మళ్ల రమ్మని చెప్పి..."

"పిలిచి ఏం జెప్తవ్?"

ఆమె తన చెయ్యి వైపు చూసుకుంది.

"ఏం జెప్తవ్? మా చెయ్యి తప్పయ్యిందని చెప్తవా? సారుకు చెవులు పోయినయని చెప్తవా?"

ఆ మాట ఆ ఇంట్లో మొదటిసారి పలికింది. పలికాక ఆయనే బెదిరినట్టు తలుపు వైపు చూశాడు. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆయనకు తెలియదు. బయట బెంచీ ఖాళీగా ఉండబట్టి సరిపోయింది.

"ఎన్నడు తెల్సింది నీకు?" అన్నాడు, ఈసారి మరీ చిన్నగా.

"ఈరమ్మ పోయినంక."

ఆయన చేతులు బల్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. బిళ్లను దగ్గరికి లాక్కుని, మళ్లీ దూరంగా నెట్టాడు. జములమ్మకు జాలి కలిగింది. జాలితో పాటు భయం ఇంకా పెరిగింది. తనకు ధైర్యం చెప్పాల్సిన మనిషి తనకంటే ఎక్కువ భయపడుతుంటే, ఇక ఎవరి కొంగు పట్టుకోవాలి?

"రేపు మీటింగుంది" అన్నాడు చివరికి. "అది పోయొచ్చినంక సూద్దాం."

"మీటింగుల ఏం జెప్తవ్ బావా?"

"మిషను మంచిదనే జెప్త. మంచిదే గదా! రాధమ్మకు పట్టలే? తప్పు దానిది గాదు."

"మరి ఆడోళ్లకు యాడ పెట్టాల్నో చెప్తవా?"

"అది... ఎవరి తీరు వాళ్లది. వాళ్లే సూసుకుంటరు."

"వాళ్ల దగ్గర పెట్టేది ఎవరు బావా? నా అసుంటోళ్లే గదా. ఆ సిస్టర్లకు గూడ సిగ్గైతది. ఆడ గూడ ఆడోళ్లు కొంగు పట్టుకుంటరు. వాళ్లకు గూడ పచ్చనే వస్తది."

ఆయన వినలేదు. వినబడలేదో, వినదలుచుకోలేదో. లేచి, "ఏడున్నర బస్సుకు పోవాలె. ఆ తెల్లంగీ పొద్దుగాల ఇస్త్రీ చెయ్యి" అని పడకగదిలోకి పోయాడు.

తెల్లారింది. జములమ్మ బిళ్లను తుడిచి బల్ల మీద పెట్టింది. పాలు కాచింది. మంచం మీద దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచి, దాని మీద తెల్లటి చొక్కా పరిచింది. నీళ్లు చల్లింది. ఇస్త్రీ పెట్టె తెచ్చి పక్కన పెట్టింది. ప్లగ్గు చేతిలోకి తీసుకుని గోడ దాకా పోయింది.

అక్కడ ఆగిపోయింది.

ఈ చొక్కా మడత నలగకుండా వేసుకుని ఆయన పోయి నిలబడతాడు. పాన్‌గల్ సారు, కన్నెత్తి చూడని సారు చెబుతున్నాడంటే అందరూ నమ్ముతారు. వద్దన్న సాంసన్ అన్న కూడా నమ్మి తీసుకుంటాడు. కవిత ఎలాగూ తీసుకుంటుంది. మానవపాడులో, నాగర్‌కర్నూల్‌లో, కొండ కింద గూడేల్లో, ప్రతి తెర వెనకా ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషి మెడ కింద నాలుగుసార్లు పెడుతుంది. తెర బయట ఒకరు పచ్చ అంటారు.

పెళ్లయినప్పటి నుంచి ఆయన చెప్పిన పని ఆమె చేయకుండా ఉన్నది లేదు. మాట నిలబెట్టుకుని తనను చేసుకున్న మనిషి. ఇప్పుడు కాదంటే ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలియని చోట కాలు పెట్టడం ఎంత భయమో ఆమెకు ఇప్పుడే అర్థమైంది. ప్లగ్గును మెల్లగా నేల మీద వదిలేసింది.

స్నానాల గది తలుపు తెరుచుకుంది. బయట బెంచీ మీద అప్పటికే ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. గాజుల చప్పుడు, ఒక పసిపిల్ల ఏడుపు వినిపిస్తున్నాయి.

"అంగీ అయ్యిందా?" అన్నాడు చంద్రశేఖర్ తువ్వాలుతో తల తుడుచుకుంటూ.

"కాలే" అంది జములమ్మ.

"ఆఁ?"

"కాలే బావా. చెయ్య."

"ఏందీ? జర గట్టిగ చెప్పు!"

ఎప్పుడూ అయితే ఆమె దగ్గరికి పోయి చెవి పక్కన చెప్పేది. ఇప్పుడు పోలేదు. తలుపు సందులోంచి బెంచీ కనబడుతోంది. గట్టిగా చెబితే వాళ్లందరికీ వినబడుతుంది. మెల్లగా చెబితే ఈయనకు వినబడదు. ఆమె గోడకు వీపు ఆనించి, రెండు చేతులతో కొంగు పట్టుకుని, నోరు తెరిచింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"చెయ్యను బావా! ముందుగాల ఆడోళ్లందర్ని పిలువు! మళ్ల సూడు! అప్పటిదాంక నేను ఇస్త్రీ చెయ్యను!"

బెంచీ మీద గాజుల చప్పుడు ఆగిపోయింది. పసిపిల్ల కూడా ఏడుపు ఆపింది.

చంద్రశేఖర్ తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఒకసారి తలుపు వైపు చూశాడు, ఒకసారి ఆమె వైపు. మంచం మీద చొక్కా చల్లిన నీళ్లతో, ముడతలతో అలాగే పడి ఉంది. ఇస్త్రీ పెట్టె చల్లగా ఉంది.